వాల్డెన్ తీరాన తిలోదకం

కర్మకు ముందు సంకల్పం. సంకల్పంలో ముందు దేశకాలసంకీర్తనం. కర్త తాను ఎక్కడ నిలిచి, ఏ కాలంలో ఈ కర్మ చేస్తున్నాడో ఉచ్చరించనిదే వైదికకర్మ ఆరంభం కాదు. కోనసీమలోని మా అగ్రహారంలో జంబూద్వీపం, భరతవర్షం, గోదావరీతీరం అంటూ దశాబ్దాలపాటు సంకల్పం చెప్పిన ఈ నాలుక, అమెరికాకు వచ్చిన తొలినాడు తడబడింది. ఇక్కడి అర్చకులు క్రౌంచద్వీపం, రమణకవర్షం, ఐంద్రఖండం అని చెబుతారు. నేనూ అలాగే చెప్పడం అలవరచుకున్నాను. అయినా నదీనామం చెప్పవలసిన చోటికి వచ్చేసరికి ప్రతిదినం ఒక క్షణం ఆగేవాణ్ణి. ఏ జలాల ఒడ్డున నిలిచి ఉన్నాను నేను?

మా నాన్నగారు కృష్ణయజుర్వేద ఘనపాఠి. సముద్రయానం విషయంలో ఆయనకు రెండో మాట లేదు. బౌధాయన ధర్మసూత్రం దానిని పతనీయ కర్మలలో పరిగణించింది. అంతేకాక, నౌకాయానం చేసిన ద్విజుణ్ణి ప్రాయశ్చిత్తానంతరం కూడా పరిగ్రహించరాదని కలివర్జ్య ప్రకరణం చెబుతున్నది. విమానం నౌక కాదు గదా అని వాదించినవారిని చూసి ఆయన చిరునవ్వు నవ్వేవారే తప్ప సమాధానం చెప్పేవారు కారు. ఇద్దరు ఆడపిల్లల వివాహాలకు చేసిన ఋణం నా మెడ మీద ఉన్నది. బోస్టన్ సమీపంలోని ఒక దేవాలయంలో అర్చకత్వం దొరికింది. బయలుదేరే ముందు పాదాభివందనం చేస్తే, "వెళ్ళమని చెప్పను, వద్దనీ చెప్పను. సంధ్య మానకు" అన్నారు.

మూడేళ్ళ తరువాత ఇంటికి వెళ్ళి యథావిధిగా ప్రాయశ్చిత్తం చేసుకున్నాను. ఆ సాయంకాలం పూజానంతరం అందరికీ తీర్థం ఇస్తూ నాన్నగారి దగ్గరకు వచ్చాను. ఆయన చెయ్యి చాపలేదు. కోపం లేదు, కఠినమైన మాట లేదు. కళ్ళు మూసుకొని జపం కొనసాగించారు. ఆ తరువాత జీవించినంతకాలం ఆయన నా చేతి తీర్థం పుచ్చుకోలేదు. ఫోనులో మాత్రం ప్రతి ఏకాదశికీ కుశలం అడిగేవారు. అడిగి, చివరగా ఎప్పుడూ ఒకే ప్రశ్న: "అక్కడ నీళ్ళు ఎలా ఉంటాయిరా? ఏ నీళ్ళతో సంధ్య వారుస్తున్నావు?"

"కుళాయి నీళ్ళే, నాన్నగారూ" అనేవాణ్ణి. అటువైపు మౌనం.

ఆయన పరమపదించినప్పుడు నేను ఇల్లు చేరేసరికి నాలుగోరోజు. దహనసంస్కారం తమ్ముడు చేశాడు. జ్యేష్ఠపుత్రుడనై ఉండీ నేను శేషించిన కర్మకు మాత్రమే అర్హుణ్ణయ్యాను.

సంవత్సరీకం ముగిసి తొలి మహాలయ పక్షం వచ్చింది. ఆ దినాలలోనే, మా ఆలయంలో ఆదివారం గీతాతరగతికి వచ్చే పదహారేళ్ళ అమ్మాయి ఒక పుస్తకం తెచ్చి నా ముందు ఉంచింది. పాఠశాలలో వారికి పాఠ్యమట. "గురువుగారూ, ఈయన ప్రతి ఉదయం గీత చదివేవాడట. ఈ చెరువు నీళ్ళు గంగతో కలుస్తాయని కూడా రాశాడు. అది నిజంగా జరిగిందా, ఊరికే కవిత్వమా?" అని అడిగింది. ఆ గ్రంథం 'వాల్డెన్'. గ్రంథకర్త హెన్రీ డేవిడ్ థోరో. ఆ జలాశయం మాకు ఎంతో దూరం కాదని తెలిసి ఆశ్చర్యపోయాను. నాన్నగారి తిథి శనివారం వచ్చింది. పంచపాత్ర, ఉద్ధరిణి, దర్భలు, నువ్వులు, ఒక పళ్ళెం సంచిలో పెట్టుకొని, ఆ అమ్మాయి తల్లిదండ్రుల కారులో కాంకార్డ్ గ్రామానికి బయలుదేరాను.

కాంకార్డ్ బోస్టన్‌కు వాయవ్యంగా సుమారు 20 మైళ్ళ దూరంలో ఉన్నది. వాల్డెన్ సుమారు 60 ఎకరాల సరస్సు. లోతైన చోట 100 అడుగులకు మించిన అగాధం. పూర్వం ఈ భూభాగాన్ని కప్పిన హిమానీనదం వెనుదిరిగినప్పుడు మిగిలిపోయిన ఒక మహాహిమఖండం కరిగి ఈ గుంట ఏర్పడిందని భూగర్భవేత్తలు చెబుతారు. కంటికి కనబడే ఏరు ఏదీ ఇందులో కలవదు, ఇందులోనుంచి బయలుదేరదు. భూగర్భజలమే దీనికి ప్రాణం. మోకాటిలోతు నీటిలో నిలిచి చూస్తే అడుగున ఉన్న గులకరాయి రేఖలు కూడా స్పష్టంగా కనిపించాయి.

థోరో 1845 జూలై 4న ఈ గట్టున, తన మిత్రుడు ఎమర్సన్ భూమిలో, స్వహస్తాలతో కట్టుకొన్న కుటీరంలో ప్రవేశించాడు. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు. దానికి అయిన వ్యయం 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లని లెక్క కూడా రాసిపెట్టాడు. 1847 సెప్టెంబరు 6 వరకు, అంటే రెండు సంవత్సరాల రెండు నెలల రెండు దినాలు, అక్కడ నివసించాడు. ఇప్పుడు ఆ కుటీరం లేదు. దాని పొయ్యిగూడు పునాదిని 1945లో త్రవ్వి కనుగొన్నారు. ఆ స్థలం చుట్టూ తొమ్మిది రాతి స్తంభాలు నిలిపారు. పక్కనే యాత్రికులు వేసిన రాళ్ళ గుట్ట. 1872లో మొదలైన ఆ గుట్టకు నేటికీ రాళ్ళు చేరుతూనే ఉన్నాయి. పుణ్యక్షేత్ర మార్గాలలో మనవారు రాయి మీద రాయి పేర్చడం నాకు జ్ఞప్తికి వచ్చింది.

ఆయన ఋషి అని నేను అనను. గ్రామం మైలున్నర దూరమే. తల్లి ఇంటికి తరచుగా భోజనానికి వెళ్ళేవాడని పరిహసించేవారు ఉన్నారు. ఆయనకు గురుముఖం లేదు, భారతదేశాన్ని చూడనూ లేదు. 1785లో చార్లెస్ విల్కిన్స్ ప్రచురించిన ఆంగ్లానువాదం ద్వారానే భగవద్గీత ఆయనకు తెలిసింది. అయినా ప్రభాతవేళల గీతాచింతనను స్నానంతో పోల్చినవాడు ఆయన. నిత్యం గీతను కంఠస్థంగా చదివే నేను ఎన్ని ఉదయాలు దానిలో స్నానం చేశాను, ఎన్ని ఉదయాలు పైపైన నీళ్ళు చల్లుకొని వచ్చాను? ఆ ప్రశ్న నాకు ఇబ్బంది కలిగించింది.

ఇక ఆ అమ్మాయి అడిగిన నీళ్ళ సంగతి. అది కేవలం కవిత్వం కాదు.

బోస్టన్ నగరంలో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడు ఉండేవాడు. శీతకాలంలో గడ్డకట్టిన చెరువుల నుండి మంచును దిమ్మలుగా కోసి, రంపపు పొట్టులో కప్పి, ఓడలలో ఉష్ణదేశాలకు పంపేవాడు. 1833లో ఆయన మంచు తొలిసారిగా కలకత్తా చేరింది. నాలుగు నెలల ప్రయాణం. రెండుసార్లు భూమధ్యరేఖను దాటాలి. సుమారు 180 టన్నులు ఎక్కిస్తే 100 టన్నుల వరకు కరగకుండా మిగిలిందట. 1842లో మద్రాసు సముద్రతీరంలో ఆ మంచును నిలువచేయడానికి ఒక భవనం కట్టారు. కృత్రిమంగా మంచు చేసే యంత్రాలు వచ్చిన తరువాత ఆ వ్యాపారం అంతరించింది.

థోరో కుటీరంలో ఉన్న రోజులలోనే, 1846-47 శీతకాలంలో, మంచు కోసేవారు వాల్డెన్ మీదికి వచ్చారు. పదహారు దినాలు నూరుమంది పనిచేయడం ఆయన కిటికీ నుండి చూశాడు. ఈ మంచు మద్రాసు, బొంబాయి, కలకత్తా వాసుల దాహం తీరుస్తుందని తలపోశాడు. గంగాతీరంలోని బ్రాహ్మణుని సేవకుడు తన యజమాని కోసం నీళ్ళు తోడుకోవడానికి తన బావి వద్దకే వచ్చినట్లు, ఇద్దరి కడవలు ఒకే బావిలో ఒరుసుకొన్నట్లు భావించాడు.

ఇది విని నేను నిశ్చేష్టుణ్ణయ్యాను. మద్రాసులోని ఆ భవనం నాకు తెలుసు. నాన్నగారు యౌవనంలో తిరువల్లిక్కేణిలో ఉండి మీమాంస చదువుకున్నారు. సాయంసంధ్యకు సముద్రతీరానికి నడిచివెళ్ళే దారిలో 'ఐస్‌హౌస్' అనే గుండ్రని కట్టడం ఉండేదని ఎన్నోసార్లు చెప్పారు. 1897 ఫిబ్రవరిలో, అమెరికా నుండి తిరిగివచ్చిన వివేకానందస్వామి తొమ్మిది దినాలు బస చేసినది అందులోనే. సముద్రం దాటినందుకు ఆయనను ఆక్షేపించిన పండితులు ఆనాడూ ఉన్నారు. నాన్నగారు ఆ గోడ పక్కగా ప్రతిరోజూ నడిచారు. అందులో ఒకప్పుడు దాచిన నీళ్ళు ఏ దేశపువో ఆయన ఎన్నడూ ఎత్తలేదు. అవి నేను నివసిస్తున్న ఈ ప్రాంతపు చెరువుల నీళ్ళు. నాకంటే నూట అరవై ఏళ్ళకు పైబడి ముందే ఆ నీళ్ళు సముద్రం దాటి, మా నాన్నగారి సంధ్యామార్గం మీద నిలిచాయి.

మధ్యాహ్నం దాటింది. ఒక వైపు పిల్లలు ఈదుతున్నారు, పెద్దలు తువ్వాళ్ళు పరచుకొని ఎండలో పడుకున్నారు. ఇటువంటి చోట ఆచమనం ఎలా అని మొదట సంకోచించాను. పుష్కరాలలో మన గోదావరి రేవులు ఎలా ఉంటాయో జ్ఞప్తికి వచ్చి సిగ్గుపడ్డాను. జనం లేని మూలకు వెళ్ళి, పంచపాత్రతో నీళ్ళు తీసుకొని కూర్చున్నాను. ఏ బావి నీళ్ళైనా కలశంలో పోసి సప్తనదులను ఆవాహన చేస్తే అవి గంగేనని నాకు ఎనిమిదో ఏట చెప్పినవారు నాన్నగారే. ప్రతిరోజూ ఆలయంలో కుళాయి నీళ్ళకు అదే ఆవాహన చేస్తున్నాను. చేస్తూ కూడా, నాన్నగారు అడిగినప్పుడు "కుళాయి నీళ్ళే" అని తల వంచుకున్నాను. "గంగే, నాన్నగారూ" అని ఒక్కసారైనా అనలేకపోయాను. లోపం నీళ్ళలో లేదు. నా ఆవాహనలో నాకే విశ్వాసం చాలలేదు. బహుశా ఆయన ఆ ప్రశ్న అన్నిసార్లు అడిగినది ఈ సమాధానం కోసమే కావచ్చు.

సంకల్పం చెప్పాను. ఈసారి తడబడలేదు. వాల్డెన్ సరస్తీరం అని స్పష్టంగా పలికాను. ప్రాచీనావీతినై, దక్షిణాభిముఖంగా, నాన్నగారి గోత్రనామాలు ఉచ్చరించి పళ్ళెంలో తిలోదకం విడిచాను. జీవించి ఉండగా నా చేతి నీళ్ళు పుచ్చుకోని తండ్రి ఇప్పుడు పుచ్చుకొంటారా? నేను అర్థం చేసుకొన్నంతలో కలివర్జ్యం జీవించి ఉన్నవారి పరిగ్రహానికి సంబంధించిన నియమం. పుత్రుడు విధిగా ఇచ్చిన తిలోదకాన్ని పితృదేవతలు తిరస్కరించవచ్చునని మాత్రం నేను ఎక్కడా చదవలేదు. నాన్నగారు శాస్త్రాన్ని ఎన్నడూ అతిక్రమించినవారు కారు. ఏ శాస్త్రానికి కట్టుబడి నాడు చెయ్యి చాపలేదో, అదే శాస్త్రానికి కట్టుబడి నేడు చెయ్యి చాపి ఉంటారు.

తిరిగి వస్తుండగా ఆ అమ్మాయి ఇంకొక విషయం చదివి వినిపించింది. ఆ శీతకాలంలో కోసి ఒడ్డున పేర్చిన మంచు సుమారు పదివేల టన్నులని అంచనా. అందులో కొంత భాగమే తరలివెళ్ళిందట. మిగిలినది గట్టుమీదనే నిలిచి, 1848 సెప్టెంబరు నాటికి పూర్తిగా కరిగి, అధికభాగం తిరిగి ఆ సరస్సునే చేరిందట.

"అయితే పోయిన నీళ్ళు, గురువుగారూ?" అన్నది.

"అవీ తిరిగివస్తాయమ్మా. ఆవిరై, మేఘమై, వానై. కొంత ఆలస్యమవుతుంది, అంతే" అన్నాను.

శ్రీకృష్ణార్పణమస్తు.