అవ్వ నిమ్మపానకము

వేసవి వచ్చినదనిన మన తెలుగునాట నిమ్మకాయకు గౌరవము హెచ్చును. ధనవంతుని మేడలోను, పేదవాని గుడిసెలోను, రహదారి ప్రక్క తోపుడుబండి మీదను అది ఒక్క తీరుననే కానవచ్చును. ఒక కాయ, కొంచెము తీపి, చిటికెడు ఉప్పు, చెంబెడు చల్లని నీరు ఉన్న చాలును, పానీయము సిద్ధము. ఇంత సులభముగా దొరకుటచేతనే కాబోలు, దాని విలువను మనము గుర్తింపము. చిన్నతనమున నేనును గుర్తింపలేదు. ఒకనాటి మధ్యాహ్నము నాకు దానిని నేర్పినది.

మాది నెల్లూరు సీమలో గూడూరు ప్రాంతమందలి ఒక పల్లె. ఆ ప్రాంతము నిమ్మతోటలకు ప్రసిద్ధి. అక్కడి కాయలు లారీలలో దూరనగరములకు పోవుచుండును. మా పెరటిలోను రెండు నిమ్మచెట్లుండెడివి. మా అవ్వ ఏటేట వేసవిలో వీథి అరుగుపై ఇసుక పోసి, దానిపై క్రొత్త కడవ నొకదానిని నిలిపెడిది. కాచి చల్లార్చిన నీటిలో నిమ్మరసము, బెల్లము, ఉప్పు కలిపి బాటసారులకై అందుంచెడిది. త్రాగువారెవరను విచారణ ఆమెకు లేదు.

“ఉప్పు ఎందుకవ్వా? తీపి చెడుచున్నది గదా!” అని నేనొకనాడు విసుగుకొంటిని.

“నీ చెమట ఎట్లుండునో ఎన్నడైన రుచి చూచితివా, నాయనా? పోయినదానిని మరల పోయవలదా?” అని అవ్వ నవ్వెను.

నా 11వ యేట ఆ కడవ నింపు పని అవ్వ నాకప్పగించెను. గింజలు నలిగిన చేదెక్కుననియు, రసమును ముందుగా పిండి నిలువ ఉంచరాదనియు నేర్పెను. కొన్ని దినములు శ్రద్ధగనే చేసితిని. అది రోహిణి కార్తె. ఒకనాడు మిట్టమధ్యాహ్నమున నా స్నేహితులు వచ్చిరి. ఎవరెక్కువ త్రాగుదురో చూతమని పందెము వేసికొని, కడవ యంతయు ఖాళీ చేసితిమి. “ఈ యెండలో ఎవరు వత్తురులే” అనుకొని, నేను వారితో చింతచెట్టు నీడకు గోలీలాటకు పోయితిని.

కొంతసేపటికి ఒక స్త్రీ కట్టెలమోపుతో వచ్చెను. మోపు దించి, ఆశతో ముంతను కడవలో ముంచెను. ముంత అడుగునకు తగిలి గీరుకొన్న చప్పుడు నాకు వినవచ్చెను. ఆమె ఎవరిని ఏమియు అనలేదు. మూతను జాగ్రత్తగా మరల పెట్టి, మోపు నెత్తికెత్తుకొని నడచెను. పిలువవలెనని నాకు తోచెను. కాని ఆట మంచి పట్టులో నుండెను. నేను పిలువలేదు. పది యడుగులైన వేయకమునుపే ఆమె తూలి, మోపు పడవైచి, దుమ్ములో కూలబడెను.

నా కేకకు అవ్వ పరుగెత్తి వచ్చెను. ఇద్దరమును పట్టుకొని ఆమెను నీడకు చేర్చితిమి. అవ్వ తడిగుడ్డతో ఆమె ముఖమును, మెడను తుడిచెను. నేను పెరటికి పరుగిడి కాయలు కోసి తెచ్చితిని. రసము పిండుచుండగా నా చేతులు వణకెను. ఆమెకు తెలివి తప్పలేదు గనుక, అవ్వ గుక్కెడు గుక్కెడుగా త్రాగించెను. గంటసేపటికి ఆమె తేరుకొని, “చల్లగా ఉండు, బాబూ” అని నా తల నిమిరెను. దెబ్బ కొట్టినను నాకంత బాధ కలిగియుండదు.

ఆ సాయంత్రము అవ్వకు నిజము చెప్పితిని. ఆమె కోపపడలేదు. “కడవ లేకున్న ఆ బిడ్డ ఏ యింటనో నీళ్లడిగియుండును. ఇక్కడ ఉండునని నమ్మి వచ్చినది. ఖాళీ కడవ కన్న, లేని కడవయే మేలు, నాయనా” అనెను.

అవ్వ వేసిన చిటికెడు ఉప్పులోని శాస్త్రము నాకు పెద్దయిన పిదప తెలిసినది. చెమటతో నీరే గాక ఉప్పును పోవును. ఉప్పు, చక్కెర తగుపాళ్లలో కలిసిన, ప్రేగులు నీటిని త్వరగా గ్రహించును. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున శరణార్థులలో కలరా వ్యాపింపగా, పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని రోగులచే త్రాగించెను. నూటికి 30 వరకు ఉన్న మరణములు 4 కంటె తక్కువకు దిగెను. విరేచనములకు నేడును వైద్యులు చెప్పునది అట్టి కొలత గల పొడి నీరే. నిమ్మపానకము దానికి బదులు కాదు. వడదెబ్బచే తెలివి తప్పినవారి నోట ఏమియు పోయరాదు. వారిని చల్లబరచుచు, వెంటనే వైద్యుని కడకు చేర్పవలెను. అయినను దప్పిగొన్న బాటసారికి ఆ ముంతెడు పానకము చేయు మేలు తక్కువది కాదు.

అవ్వ పోయి చాలకాలమైనది. ప్రతి వేసవిని నా యింటి ముందును ఒక కడవ నిలుచును. మధ్యాహ్నము నేను భోజనమునకు కూర్చుండుటకు ముందు దాని మూత తీసి చూతును. అడుగు కనబడినచో, ముందు దానిని నింపి, పిదపనే విస్తరి ముందు కూర్చుందును.