నడక పెంచిన ఆకలి

వ్యాయామఫలములను లెక్కించుచు వాగ్భటుడు దేహమునకు లాఘవము, పనిచేయు సామర్థ్యము, జఠరాగ్ని ప్రజ్వరిల్లుట, మేదస్సు క్షయించుట అనువానిని ఒక్క శ్లోకములోనే ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టినాడు. అష్టాంగహృదయమును వల్లెవేసిన పూర్వులకు ఇందులో ఇబ్బంది యేమియు తోచియుండదు. వారిలో పెక్కుమందికి కరిగించుకొనవలసిన మేదస్సే లేకుండెనేమో. కాని పొట్ట తగ్గవలెనని సంకల్పించి, అన్నము తగ్గించి, తెల్లవారుజామున బూట్లు తొడిగికొని బయలుదేరు నేటి పెద్దమనిషికి ఈ ఇరుగుపొరుగే ప్రాణసంకటము. అగ్ని రగిలినచో అన్నమడుగును. అడిగినంత పెట్టినచో మేదస్సు కదలదు. పెట్టకున్నచో మధ్యాహ్నమునకు కోపమును, సాయంకాలమునకు మిరపకాయ బజ్జీయు తప్పవు.

విశాఖపట్టణమున బీచి రోడ్డుపై తెల్లవారుజామున వాహనములను నిలిపివేసి దారిని పాదచారులకు విడిచిపెట్టు మంచి ఏర్పాటు కలదు. విశ్రాంత ఉద్యోగులు పెన్షను సంగతులు ముచ్చటించుకొనుచు, వ్యాపారులు స్థలముల ధరలు తర్కించుకొనుచు, యువకులు చెవులలో పాటలు పెట్టుకొని సముద్రపుగాలికి ఎదురేగుచు పోవుచుండగా చూచుట కన్నులపండువు. ఎండ పొడసూపగానే వారిలో కొందరు మొలకలు, రాగి జావ అమ్ము బండ్లవైపునకును, అంతకంటె ఎక్కువమంది టిఫిను హోటళ్ళవైపునకును మరలుదురు. ‘ఇంత నడిచాం కదండీ, ఒక పెసరట్టు ఉప్మా ఏం చేస్తుంది!’ అను మాట అక్కడ వినబడినంత ధీమాగా మరెక్కడను వినబడదు.

ఏమి చేయునో లెక్క చూచుట మర్యాద కాదు గాని, చూడకున్న సంగతి తెలియదు. డెబ్బది కిలోల మనిషి గంటసేపు మామూలు వేగముతో నడచినచో సుమారు 250 కెలొరీలు ఖర్చగును. అందులోనూ 70 వరకు, అతడు ఆ గంటసేపు ఇంట కుర్చీలో కూర్చుండి పత్రిక చదివినను ఖర్చు కావలసినవే. పిండిపదార్థమునకును మాంసకృత్తులకును గ్రాముకు 4 కెలొరీలుండగా నూనెకు 9 ఉండుటచేత, పెనము మీద ధారాళముగా పోసిన రెండు పెద్ద చెంచాల నూనెయే ఆ గంట నడకను సమూలముగా రద్దు చేయగలదు. అట్టు, దాని కడుపులోని ఉప్మా, పైన చక్కెర వేసిన కాఫీ ఇంకను లెక్కకు రాలేదు.

అయినను ఆ ఆకలి నిజమైనదేనా అను ప్రశ్న విచారింపదగినది. జీర్ణాశయము నుండి వెలువడి ఆకలిని పుట్టించు గ్రెలిన్ అను హార్మోనును 1999లో జపాను శాస్త్రజ్ఞులు కొజిమ, కంగావలు లోకమునకు ఎరుకపరచిరి. పరుగువంటి తీవ్రవ్యాయామము చేసినవాని రక్తములో ఈ గ్రెలిన్ కొంతసేపు పెరుగదు సరికదా, తగ్గునని తరువాతి పరిశోధనలు తేల్చినవి. తృప్తిని కలిగించు పేగుల హార్మోనులు అదే సమయమున పెరుగును. కనుకనే ఆటస్థలము నుండి రొప్పుచు వచ్చిన కుర్రవాడు ముందుగా నీళ్ళడుగునే కాని అన్నమడుగడు. నడకకు అంతటి ప్రభావము లేకపోవచ్చును. కాని నడక ముగిసిన మరునిమిషముననే ఆకలి ఉవ్వెత్తున లేచుటకు నడక కారణము కాదు. రాత్రి భోజనమై పది గంటలు గడచినందువలన కలుగు ఆకలి నడవకున్నను కలుగవలసినదే. మిగిలిన దానిలో కొంత దాహము. కొంత, శ్రమపడితిని గనుక నాకు కూలి ముట్టవలెనను మనస్సు యొక్క దావా. ఈ దావాను కొట్టివేయుటకు నేను వెనుదీయను.

అసలు ఆకలి ఆలస్యముగా వచ్చును. కండరములలోను కాలేయములోను నిలువచేసికొన్న గ్లైకోజెను ఖర్చయి, దానిని తిరిగి నింపుకొనవలసిన అవసరము దేహమునకు సాయంకాలమునకో మరునాటికో జ్ఞాపకము వచ్చును. వారములు గడచి దేహము నిజముగా తేలికపడుచున్న కొలదిని, కొవ్వుకణములు వెలువరించు లెప్టిన్ తగ్గును. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము కనుగొన్న ఈ హార్మోను తగ్గుట మెదడునకు కరవు సూచనయై, రుచులపై ధ్యాసను పెంచును. సన్నబడుట కలిసివచ్చుచున్నదని సంతోషించు దినములలోనే ఆకలి ముదురుటకు ఇదియే హేతువు. అట్టివానిని జిహ్వాచాపల్యము గలవాడని నిందించుట అన్యాయము.

మరి నడకయే మానినచో ఈ బాధ ఉండదు గదా యని సోమరులు సంతోషింపవచ్చును. వారి సంతోషమునకు అడ్డుపడు గ్రంథము ఒకటి కలదు. 1956లో జీన్ మేయర్ అను పోషకాహార శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కూడి పశ్చిమ వంగదేశములోని జనపనార మిల్లు కార్మికుల ఆహారమును, బరువును, పనిని పరిశీలించి ప్రకటించిన ఫలితములలో, బరువైన పని చేయువారు పనికి తగినట్లు ఎక్కువ తినుచు కూడ సన్ననివారుగానే యుండగా, కదలక కూర్చుండువారు తేలికపాటి పని చేయువారికంటె తక్కువ తినక, పైగా ఎక్కువే తిని, స్థూలకాయులై యుండిరి. గుమాస్తాకును బస్తాలు మోయువానికిని జీతములోను, ఇంటి కూరలోను గల భేదమును కూడ లెక్కింపవలెనని నా అనుమానము. అయినను కదలికయే లేని దేహమునందు ఆకలి అవసరమును కనిపెట్టలేదను మాట త్రోసివేయదగినది కాదు. నడక ఆకలిని పెంచుటయే గాక, దానికి లెక్క కూడ నేర్పుచున్నదన్నమాట.

ఇక పెట్టవలసిన దేమి? హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శరీరపు బరువులో కిలోకు 0.83 గ్రాముల చొప్పున దినమునకు మాంసకృత్తులు కావలెనని నిర్ణయించినది; డెబ్బది కిలోలవానికి ఇది సుమారు 58 గ్రాములు. మన పళ్ళెములో అన్నపురాశి ప్రక్కన పప్పు బొట్టుపెట్టినట్లుండుటచేత ఇంత సమకూరుట అరుదు; ఆకలిని దీర్ఘకాలము నిలువరింపగల శక్తి మాంసకృత్తులకును పీచుపదార్థమునకును ఉండగా, మనము అన్నముతోనే దానిని అణచజూతుము. పెసరట్టును నేను పైన నిందించినట్లు కనబడవచ్చును గాని, నూరు గ్రాముల పెసలలో ఇరువది గ్రాములకు పైగా మాంసకృత్తులు గల ఆ అట్టు నిర్దోషి. దోషమంతయు నూనెది, ఉప్మాది, మరియు హోటలులో తిన్నదానిని ఇంటి ఫలాహారముగా జమకట్టక ఇంటికి వచ్చి ఇడ్లీలు తిను ఆచారముది. ఒక గ్లాసు పలుచని మజ్జిగ త్రాగి, పావుగంట ఆగి, ఇంటి పెనముపై తక్కువ నూనెతో కాల్చిన పెసరట్టును అల్లపుపచ్చడితో నెమ్మదిగా తినువానికి పథ్యభంగమేమియు లేదు. కడుపు నిండినదను వార్త మెదడునకు చేరుటకు ఇరువది నిమిషములు పట్టునని చెప్పుదురు. మన టిఫినులు అంతకు ముందే ముగియును.

చక్కెరవ్యాధికి ఇన్సులినుగాని, కొన్ని జాతుల మాత్రలుగాని వాడువారి విషయము వేరు. నడక తరువాత చెమటతో, వణకుతో, గుండెదడతో వచ్చు ఆకలితో వారు వాదింపరాదు. తక్షణమే గ్లూకోజుగాని చక్కెరగాని నోట వేసికొని, వైద్యునితో మాటాడి మందు మోతాదు సరిచూపించుకొనవలెను. వ్యాయామము చేసిన పెక్కు గంటలకు, రాత్రి నిద్రలో కూడ, ఈ స్థితి రావచ్చును.

మిగిలినవారికి ప్రధానమైన ఆటంకము దేహములో లేదు, ఇంటిలో నున్నది. ఏకచక్రపురమున కుంతి భిక్షాన్నములో సగము భీమునికి పెట్టి, మిగిలిన సగము తక్కినవారికి పంచెడిది. అడవిలో తల్లిని సోదరులను మోసికొనిపోయినవానికి అది న్యాయమే. మన ఇండ్లలో గంట నడచినవానికి కూడ ఆ సగపాలే అందును. ‘అంతదూరం నడిచొచ్చారు, నీరసం రాదూ? ఇంకో అట్టు వేస్తాను’ అను ఇల్లాలిని, ‘అలా చిక్కిపోయావేమిట్రా నాయనా’ అను మేనత్తను నిరాకరించుటకు ఏ హార్మోనును సాయపడదు. వద్దనినచో నొచ్చుకొందురు గనుక, ఆ రెండవ అట్టును సాయంకాలము నాలుగు గంటలకు, నిజమైన ఆకలి వచ్చు వేళకు, డబ్బాలో పెట్టి ఇమ్మనుట ఉభయులకును మర్యాదగా నుండును. చల్లారిన పెసరట్టును నోట పెట్టలేమనువారికి సెనగగుగ్గిళ్ళు ఎట్లును ఉన్నవి.