పదకొండు పేర్ల కాగితం

భారత ఫుట్‌బాల్ జట్టు ప్రకటన వెలువడక ముందే అందులో ఎవరుంటారో ఊహించడం, శాలిబండలోని మా ఇంట్లో నాన్నగారి వ్యసనం. పాత క్యాలెండరు కాగితాల వెనుక పేర్లు రాసేవారు. మన జంటనగరాల బలరాం, యూసుఫ్‌ఖాన్‌ల పేర్లే ఎప్పుడూ ముందుండేవి.

అయితే శిక్షకుడు, హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన రహీం సాహెబు. ఆయన మనసు చదవడం ఎవరి తరం? 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో కొడుకు హకీమ్ ఉన్నా, ఒక్క మ్యాచీ ఆడించలేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో, తలకు గాయమైన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను ముందువరుసలో నిలిపారు. అతడు గోలు కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం మనదైంది.

"సమర్థుణ్ణి గుర్తించడం సులువే. అతడు ఏ చోట అవసరమో తెలియడమే కష్టం" అనేవారు నాన్నగారు.

నేను కళాశాల జట్టు ఎంపికకు వెళ్లిన రోజు ఆయన ఏమీ అనలేదు. సాయంత్రం నోటీసు బోర్డు మీద నా పేరు లేదు. ఇంటికొచ్చి చెబితే, "ముందు చాయ్ తాగు" అన్నారు, అంతే.

ఆయన పోయిన తరువాత పెట్టె సర్దుతుంటే ఆనాటి కాగితం దొరికింది. పదకొండు పేర్లు. మొదటిది నాది.

ఆయన జాబితాల్లో మనవాళ్ల పేర్లు ముందెందుకుండేవో నాకు అప్పుడు తెలిసింది.