బూడిద పొరలలో కాలక్రమం

కృష్ణానదికి చేరువలో, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అనే పల్లె ఉన్నది. ఆదిలాబాదు అడవులలోని ఉట్నూరు వేరు. ఈ పల్లె పేరు పురావస్తు గ్రంథాలకెక్కడానికి కారణం ఇక్కడి బూడిద దిబ్బ.

దక్కను పీఠభూమిలో ఇటువంటి దిబ్బలు అనేకం ఉన్నాయి. బళ్లారి ప్రాంతంలోని ఒక దిబ్బను భీముడు వధించిన హిడింబాసురుని చితాభస్మమని జనం చెప్పుకొనేవారు. అది కాలిన పశువుల పేడ కావచ్చునని 19వ శతాబ్దంలోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఊహించాడు. 1957లో బ్రిటిష్ పండితుడు ఎఫ్. ఆర్. ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను త్రవ్వి చూశాడు.

త్రవ్విన గోతి పక్కగోడను నున్నగా చెక్కితే పొరలు బయటపడతాయి. అడుగు పొర ముందుది, పై పొర తరువాతిది. సూత్రం ఇంత సులభమైనా దానిని తారుమారు చేసేవి లేకపోలేదు. ఎలుక కలుగు గుండా పైనున్న పెంకు కిందికి జారవచ్చు. అందుకే ప్రతి గుంటనూ విడిగా పరిశీలిస్తారు. గుంట తాను ఛేదించిన పొరలకంటె తరువాతిది. తనను కప్పిన పొరకంటె ముందుది.

ఉట్నూరులో కనిపించిన గుంటలు కంచెకు నాటిన కొయ్యలవి. బూడిద పొరల నడుమ పశువుల గిట్టల ముద్రలు కూడా దొరికాయి. కంచె వేసి మందను నిలపడం, పేరుకొన్న పేడను కాల్చడం, మళ్ళీ కంచె కట్టడం: ఈ క్రమం పలుమార్లు సాగినట్లు తేలింది. నిప్పుతో కథ ముగియలేదని, మంద తిరిగి వచ్చిందని చెప్పినవి ఆ గిట్టల ముద్రలే.

పొరలు ముందు వెనుకలనే తెలుపుతాయి, సంవత్సరాలు చెప్పవు. అందుకు కార్బన్-14 పరీక్ష తోడ్పడింది. జీవి మరణించాక దానిలోని ఈ పదార్థం 5,730 ఏళ్లకు సగమవుతుంది. ఉట్నూరు నమూనాలు 4,000 ఏళ్లకు పూర్వపువని తేలింది. పై పొరకంటె కింది పొర వయస్సు తక్కువగా వస్తే ఎక్కడో పొరపాటు జరిగినట్లే. ఆ విధంగా ఒక పద్ధతి మరొకదానికి సాక్షి.

బూడిద పొలానికి ఎరువు. పలుచోట్ల రైతులు దిబ్బలను బండ్లకెత్తి తోలుకొనిపోయారు. పాత్ర పగిలితే అతికించవచ్చు. చెదరిన పొరను తిరిగి పేర్చలేము. నిజానికి త్రవ్వే శాస్త్రజ్ఞుడు కూడా పొరను చెరిపేవాడే. అయితే చెరిపే ముందు కొలిచి, గీసి, వ్రాసి ఉంచుతాడు. ఉట్నూరు త్రవ్వకాల నివేదికను 1961లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రచురించింది కనుకనే, త్రవ్విన చోట నేడు లేని ఆ వరుసను పుటలలోనైనా చదవగలుగుతున్నాము.