హ్యారీ పోటర్ అని చెప్పి తీసుకెళ్ళాను...

"మావయ్యా, ఇందులో కూడా మంత్రాలుంటాయా?"

హాల్లోకి అడుగుపెడుతూ మా మేనల్లుడు అడిగిన ప్రశ్న. "ఉంటాయేమోరా" అన్నాను. చూశారా, నా తప్పు అక్కడే మొదలైంది!

అది 2012 ఫిబ్రవరి. బి.కాం. పూర్తిచేసి, ఉద్యోగం దొరక్క, పత్రికలకి చిన్నాచితకా రాసుకుంటూ తిరుగుతున్న రోజులు. మా అక్కయ్యా బావగారూ ఇంగ్లండులో, రెడింగులో ఉండేవారు. అక్కయ్యకి రెండో కాన్పు, నిండు నెలలు. అమ్మ పురిటికి బయల్దేరింది కానీ ఒక్కత్తే విమానం ఎక్కనంది. తోడుగా నన్ను పంపించారు. అక్కడికెళ్ళాక నాకు పనేముంటుంది? అమ్మ వంటింట్లో, బావగారు ఆఫీసులో, అక్కయ్య మంచం మీద. వాడికేమో బడికి వారంరోజుల సెలవులు. పదేళ్ళవాడు, ఇంట్లో కూర్చోబెడితే ఊరుకుంటాడా? "వీణ్ణి ఎక్కడికైనా తీసుకుపోరా బాబూ" అంది అక్కయ్య.

ఎక్కడికంటే... మనకి తెలిసింది ఒకటే చోటు!

హాలు ముందు పెద్ద పోస్టరు. డేనియల్ రాడ్‌క్లిఫ్. మావాడి గది గోడనిండా అంటించి ఉన్న మొహం అదే. అంతకుముందు జూలైలోనే హ్యారీ పోటర్ ఆఖరి భాగం వచ్చింది. అది అయిపోయినందుకు వాడు రెండ్రోజులు అన్నం తినలేదట. కళ్ళజోడు లేని హ్యారీని చూసి ఎగిరి గంతేశాడు. పోస్టరు మీద ఉన్న పేరు మాత్రం 'ది వుమన్ ఇన్ బ్లాక్'. నల్లబట్టల ఆడమనిషి! ఆ పేరు చదివికూడా నాకు బుర్ర వెలగలేదంటే మీరు నన్నేమనుకున్నా ఫర్వాలేదు.

టిక్కెట్ల దగ్గర అబ్బాయి మావాణ్ణి ఎగాదిగా చూసి, "పన్నెండు లోపే కదా? మీరు కూడా కూర్చుంటారుగా?" అన్నాడు. కూర్చుంటానన్నాను. అక్కడి సెన్సారులో '12ఏ' అని ఒక తరగతి ఉంది. పన్నెండేళ్ళు నిండనివాళ్ళు పెద్దవాళ్ళ తోడుతో చూడవచ్చు. పిల్లవాడు తట్టుకుంటాడా లేదా అన్నది ఆ పెద్దమనిషి ఆలోచించుకోవాలన్నమాట. ఆ పెద్దమనిషిని నేను!

కథ 1983లో సూసన్ హిల్ అనే రచయిత్రి రాసిన నవల. సినిమాకి చిత్రానువాదం జేన్ గోల్డ్‌మన్, దర్శకత్వం జేమ్స్ వాట్కిన్స్. తీసినవాళ్ళెవరనుకున్నారు? హామర్ సంస్థ. క్రిస్టఫర్ లీ కోరలతో 1958 నుంచీ డ్రాక్యులా బొమ్మలు తీసి లోకాన్ని జడిపించిన హామరే! ఇప్పటికి నూరేళ్ళు దాటిన కాలం. గుర్రబ్బండ్లు, కొవ్వొత్తులు. లండను నుంచి ఆర్థర్ కిప్స్ అనే కుర్ర లాయరు, చనిపోయిన ఒక ముసలావిడ కాగితాలు చక్కబెట్టడానికి ఒక పల్లెటూరు వస్తాడు. ఆ ఇల్లు బురదనేల మధ్య దీవిలాంటి మెరక మీద ఉంటుంది. ఆటుపోట్ల లెక్కన దారి తేలుతుంది, మునుగుతుంది. ఆ ఇంట్లో నల్లబట్టల ఆవిడ కనిపించినప్పుడల్లా ఊళ్ళో ఒక పసిబిడ్డ పోతుంది.

బొమ్మ మొదలైన నిమిషంలోనే ముగ్గురు చిన్నపిల్లలు. బొమ్మల టీకప్పులతో ఆడుకుంటున్నవాళ్ళు లేచి, కిటికీ దగ్గరికి నడుస్తారు. ఆ తర్వాత ఏమైందో రాయబుద్ధి కావడంలేదు. మావాడి చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "వెళ్ళిపోదామా?" అన్నాను. "ఊహూఁ, హ్యారీ ఇంకా రాలేదు" అన్నాడు.

హ్యారీ వచ్చాడు. గడ్డం గీసుకునే కత్తి గొంతు దగ్గర పెట్టుకుని మరీ వచ్చాడు. మా ముందు రెండు వరసలనిండా పధ్నాలుగు పదిహేనేళ్ళ అమ్మాయిలు. అందరూ ఒక్కసారి నిట్టూర్చారు. ఇంకో పావుగంటకి వాళ్ళెవరి తలకాయలూ కనిపించలేదు. అన్నీ కోట్ల కిందకి పోయాయి!

నేను తెర చూడ్డం మానేసి జనాన్ని చూడ్డం మొదలుపెట్టాను. భయం వేసి కాదు లెండి... సరే, భయం వేసే. ఆ ఇంట్లో ఆర్థర్ ఒక్కడే తిరిగే భాగం చాలాసేపు నడుస్తుంది, దాదాపు మాటల్లేకుండా. అప్పుడు హాల్లో పాప్‌కార్న్ నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. పైగదిలో ఊగే కుర్చీ తనంతట తను ఊగుతోంది. ఒక కెవ్వుమన్న కేక, వెంటనే ఆ కేక వేసినావిడే సిగ్గుపడి నవ్వు, ఆ నవ్వుకి హాలంతా నవ్వు. మళ్ళీ నిశ్శబ్దం. ఆ నవ్వులో ధైర్యమేమీ లేదు. మంచులో మునిగినవాడు ఊపిరికోసం పైకి లేచినట్టుంది అంతే.

మన హాళ్ళలో అయితే? నేల క్లాసులోంచి ఎవడో ఒకడు "ఒరేయ్, ఆ గదిలోకి పోకురా, నీకేం పోయేకాలం!" అని అరుస్తాడు. అందరూ గొల్లుమంటారు. సగం దెయ్యం అక్కడే చచ్చిపోతుంది. 2005లో 'చంద్రముఖి' నేను అలాంటి గోలలోనే చూశాను, హాయిగా ఉంది. అక్కడ అరిచేవాడు లేడు. ఎవరి భయం వాళ్ళే మొయ్యాలి.

ఒక్కడు అరిచాడు. ఆర్థర్ కొవ్వొత్తి పట్టుకుని మళ్ళీ ఆ మెట్లెక్కుతుంటే, "వెళ్ళొద్దూ!" అని. తెలుగులో! గడప దాటితే తెలుగు ముక్క నోట్లోంచి రాని మావాడు. రెండు వరసలు వెనక్కి తిరిగి చూశాయి.

ముగింపు తెలియకూడదనుకునేవాళ్ళు ఈ పేరా దాటెయ్యండి. ఆర్థర్ భార్య కొడుకుని కంటూ పురిట్లోనే పోయి ఉంటుంది. ఆఖర్న రైలు స్టేషనులో తండ్రీ కొడుకూ ఆ నల్లావిడ వాత పడతారు. తెల్లబట్టల్లో తల్లి ఎదురొస్తుంది. ముగ్గురూ కలిసి వెళ్ళిపోతారు. (కొడుకుగా వేసిన పిల్లవాడు రాడ్‌క్లిఫ్‌కి నిజంగానే జ్ఞానపుత్రుడు!) నవలలో ఈ ఓదార్పు లేదు. కొడుకు, ఆ తర్వాత భార్య పోతారు. ఆర్థర్ ఒక్కడూ మిగిలి బతకాలి. దీపాలు వెలిగాక మా వెనక ఒక ముసలి జంట దీనిమీదే పోట్లాడుకుంటున్నారు. పుస్తకాన్ని పాడుచేశారని ఆయన, ఏడవడానికైనా కాస్త చోటిచ్చారని ఆవిడ. ముందువరస అమ్మాయిల్లో ఇద్దరు ముక్కులు తుడుచుకుంటున్నారు. నా ఓటు ముసలాయనకే. బెల్లం పూసిన ముగింపు అది.

మావాడు మాత్రం బస్సు దిగేదాకా మాట్లాడలేదు. ఇంటి సందులోకి తిరిగాక అడిగాడు. "వాళ్ళమ్మ బేబీ పుట్టినప్పుడే కదా చచ్చిపోయింది?"

కాళ్ళలో సత్తువ పోయింది నాకు. దెయ్యం గురించి బెంగపడ్డాను గానీ ఈ సంగతి నా బుర్రకే తట్టలేదు!

"అది వందేళ్ళ కిందటి కథరా. అప్పుడు డాక్టర్లు లేరు."

"చివర్లో అమ్మ దగ్గరికి వెళ్ళాడు కదా. అది మంచి ఎండింగేనా మావయ్యా?"

ఏం చెప్పను? చలిగా ఉంది, లోపలికి పద అన్నాను.

ఆ రాత్రి నుంచి దుప్పటి తెచ్చుకుని అక్కయ్య గది గుమ్మం ముందు పడుకోవడం మొదలుపెట్టాడు. మూడో రాత్రికి అక్కయ్య అసలు సంగతి రాబట్టింది. నా కేసి తిరిగి, "చదువుకున్నవాడివే కదరా! బోర్డు మీద ఏం రాసుందో చూసుకోలేదూ?" అంది. అంతే. అరిచి ఉంటే బాగుండేది.

తర్వాత తెలిసింది, ఆ '12ఏ' కోసం నిర్మాతలవాళ్ళు సుమారు 6 సెకన్లు కత్తిరించి, కొన్ని షాట్లు ఇంకా చీకటి చేసి, చప్పుళ్ళు తగ్గించారని. చీకటి పెంచితే పిల్లలు తక్కువ జడుసుకుంటారని ఎవరు చెప్పారో! ఆ సంవత్సరం బ్రిటిష్ సెన్సారువారికి అన్నిటికంటే ఎక్కువ ఫిర్యాదులు వచ్చింది ఈ బొమ్మ మీదే, 134. హ్యారీ పోటరని పిల్లల్ని తెచ్చినవాళ్ళు నేనొక్కణ్ణే కాదన్నమాట. ఆ 134లో మా అక్కయ్యది లేదు. ఆవిడ ఫిర్యాదు నా దగ్గరే దాఖలైంది.

మార్చి మొదట్లో ఒక తెల్లవారుజామున పాప పుట్టింది. వీడు ఆసుపత్రి గది బయటే నిలబడిపోయాడు. ఎంత పిలిచినా రాడు. లోపల్నుంచి అక్కయ్య గొంతు వినిపించి, పేరు పెట్టి పిలిచాకగానీ గడప దాటలేదు. లోపలికెళ్ళి ముందు పాపని చూళ్ళేదు. తల్లి చెయ్యి పట్టుకుని వేళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

2018లో మళ్ళీ వెళ్ళాను. వాడికి పదహారేళ్ళు, నాకంటే పొడుగు. "నీకొక సర్‌ప్రైజు" అని లండన్‌లో ఫార్చ్యూన్ థియేటరుకి తీసుకెళ్ళాడు. ఇదే కథ, నాటకం! స్టీఫెన్ మాలట్రాట్ రాసింది, 1987లో స్కార్‌బరోలో పుట్టి, 1989 నుంచి 2023 దాకా ఆ చిన్న థియేటర్లోనే ఆడింది. ఇద్దరు నటులు, ఒక బుట్టపెట్టె, ఒక ఊగే కుర్చీ. అంతే సెట్టు. బడిపిల్లలు బస్సులకొద్దీ వచ్చారు. వాళ్ళ కేకలకి నా చెవులు గింగుర్లెత్తాయి. సినిమాలో కోట్లు ఖర్చుపెట్టి చూపించిన ఇల్లు ఇక్కడ లేనే లేదు, అయినా పిల్లలందరికీ కనిపించింది! కుర్చీ ఊగినప్పుడు పక్కకి చూశాను. మావాడు పళ్ళు బిగబట్టి ఉన్నాడు. చెయ్యి మాత్రం నా మణికట్టు మీద ఉంది.

రైల్లో తిరిగొస్తుంటే ఇంటి నుంచి ఫోను. ఆరేళ్ళ చెల్లెలు. ఎక్కడికెళ్ళారు, నన్నెందుకు తీసుకెళ్ళలేదని పేచీ. ఏదో సర్దిచెప్పి ఫోను పెట్టేశాడు.

"దానికి పన్నెండేళ్ళు నిండేదాకా ఈ కథ చెప్పకు మావయ్యా" అన్నాడు.

సరేనన్నాను.

"నిండాక కూడా నువ్వు తీసుకెళ్ళకు."