ఒక్క బకెట్టు ఎక్కువైతే...

తెనాలిలో మా ఇంటికి స్లాబు వేసిన రోజు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. 2004 మే నెల. తెల్లవారుతూనే కొబ్బరికాయ కొట్టారు. మిల్లరు గడగడలాడుతోంది. కూలీలు వరసగా నిలబడి తట్టలు అందుకుంటున్నారు. అమ్మ అందరికీ మజ్జిగ పోస్తోంది. సెలవుల్లో ఉన్న నాకు నాన్న అప్పజెప్పిన పని... డ్రమ్ములోంచి నీళ్లు ముంచి మిల్లరు దగ్గర పోయడం.

ఎండ ముదిరేకొద్దీ మాలు గట్టిపడుతోంది. ‘అబ్బాయ్, ఇంకో బకెట్టు పొయ్యి’ అన్నాడు మేస్త్రి. పోశాను. కాంక్రీటు పాయసంలా జారింది. తట్టలు మోస్తున్న ఆడవాళ్ల మొహాలు తేటపడ్డాయి. నాకు హుషారొచ్చింది. ఆ తర్వాత అడక్కుండానే పోయడం మొదలుపెట్టాను. మూడింటికల్లా పనైపోయింది. ‘మీవాడు భలే పనిమంతుడండీ’ అని మేస్త్రి మెచ్చుకుంటే నాన్న నా భుజం తట్టారు.

ఆ మెప్పు ఖరీదెంతో చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

మొదట హాలు పైకప్పులో చెమ్మ కనిపించింది. సున్నం వేయించాం. తర్వాత ప్లాస్టరింగు పెచ్చులుగా ఊడింది. మళ్లీ పూయించాం. 2022లో నాన్నకు పైన ఓ అంతస్తు వేయాలనిపించింది. ‘నువ్వొచ్చి ఉంటే బాగుంటుందిరా’ అని ఆశ. ఇంజినీరు వచ్చి సుత్తితో తట్టి చూశాడు. బోలు శబ్దం. పెచ్చు తీస్తే లోపల కడ్డీలు తుప్పుపట్టి పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. స్క్రూడ్రైవరుతో గీకితే ఇసుక రాలింది.

‘పై అంతస్తు సంగతి తర్వాత. ముందు ఈ హాలు స్లాబు తీసేయాలి’ అన్నాడాయన. ‘కడ్డీల కింద కవరు బ్లాకులు పెట్టినట్టు లేదు. స్లాబు వేసిన రోజు నీళ్లు బాగా పోశారా?’ అనడిగాడు.

నాన్న గుర్తులేదన్నారు. నాకు గుర్తుంది. కానీ నోరు పెగల్లేదు.

ఆ రాత్రి కూర్చుని కాంక్రీటు గురించి దొరికిందల్లా చదివాను. సిమెంటు గట్టిపడటానికి రసాయనికంగా కావలసిన నీళ్లు దాని బరువులో సుమారు పావువంతే. అంటే 50 కిలోల బస్తాకు పన్నెండు, పదమూడు లీటర్లు! మిగతావన్నీ మాలు కదలడానికి పోసేవే. ఆ నీళ్లు తర్వాత ఆరిపోయి, కంటికి కనిపించని సన్నటి రంధ్రాలను వదిలిపోతాయి. వాటిగుండానే గాలీ చెమ్మా కడ్డీదాకా చేరతాయి. సిమెంటుతో పోలిస్తే నీరు ఎంత పెరిగితే కాంక్రీటు బలం అంత తగ్గుతుందని అమెరికాలో డఫ్ అబ్రామ్స్ 1918లోనే చెప్పాడు. మన ఐఎస్ 456 ప్రమాణం కూడా, పాళ్ల లెక్కన కలిపే ఎం20 కాంక్రీటుకు బస్తాకు 30 లీటర్లు మించొద్దంటోంది.

అలాగని నీళ్లు మరీ తగ్గిస్తే? మాలు కడ్డీల సందుల్లోకి దిగదు. తేనెతుట్టెలా బొరియలు మిగులుతాయి. పోస్తే ఒక బాధ, పోయకపోతే ఇంకో బాధ!

ఈ చిక్కుముడిని 1960లలో జపాన్, జర్మనీ రసాయన శాస్త్రజ్ఞులు విప్పారు. జపాన్‌లో కెనిచి హత్తోరి నాఫ్తలీన్ ఆధారంగా ఓ రసాయనం తయారుచేస్తే, ఇంచుమించు అదే సమయంలో జర్మనీలో మెలమైన్‌తో చేశారు. అవే సూపర్‌ప్లాస్టిసైజర్లు. పేరు గంభీరంగా ఉంది కానీ, చేసే పని ఏ ఇల్లాలికైనా ఇట్టే అర్థమవుతుంది. శనగపిండిలో నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది కదా... సిమెంటు రేణువులూ అంతే. ఒకదాన్నొకటి పట్టుకుని గుంపులుగా చేరి, మధ్యలో నీళ్లను బంధించేస్తాయి. ఈ రసాయనం ప్రతి రేణువుకూ అంటుకుని ఒకే రకం విద్యుదావేశాన్నిస్తుంది. దాంతో అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. చిక్కుకున్న నీళ్లు బయటపడతాయి. కొత్తగా నీళ్లు పోయకుండానే మాలు జారుతుంది. 1980లలో వచ్చిన పాలికార్బాక్సిలేట్ రకాలకైతే పక్కలకు వెంట్రుకల్లాంటి గొలుసులుంటాయి. రేణువులు దగ్గరికి రాకుండా అవి అడ్డుపడతాయి.

ఆలోచిస్తే మన పెద్దలూ ఇలాంటివి వాడారు. పాతకాలం సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపేవారు కదా! అయితే సిమెంటుతో జాగ్రత్త. కాస్త పంచదార పడినా గట్టిపడటం ఆలస్యమవుతుంది. త్వరగా గట్టిపడాలని కాల్షియం క్లోరైడు కలిపితే కడ్డీలు తుప్పుపడతాయి.

2023 జనవరిలో హాలుకు మళ్లీ స్లాబు వేశాం. ఇంజినీరు తెచ్చిన క్యానులో ముదురు డికాక్షన్ రంగు ద్రవం. బస్తాకు 300 మిల్లీలీటర్లు. నీళ్లు 24 లీటర్లు. ‘ఇంత తక్కువైతే ఎలాగండీ?’ అన్నాడు మేస్త్రి. ఇంజినీరు 30 సెంటీమీటర్ల ఎత్తున్న రేకు గరాటును కాంక్రీటుతో నింపి పైకెత్తాడు. ముద్ద మెల్లగా పది సెంటీమీటర్లు కిందికి కూర్చుంది. మేస్త్రి తాపీతో కెలికి చూసి, ‘ఫర్వాలేదే’ అన్నాడు.

పదకొండింటికి మాలు మళ్లీ బిగుసుకోసాగింది. రసాయనం ప్రభావం కాసేపటికి తగ్గుతుందట. మేస్త్రి చెయ్యి అలవాటుగా బకెట్టు మీదికి వెళ్లింది. నేను పట్టుకుని ఆపాను.

‘కెమికల్ పోశాం కదండీ. కాసిన్ని నీళ్లు కూడా పడితే ఇంకా బాగా పారుద్ది.’

‘ఆ నీళ్లు తగ్గించడానికే కదా మేస్త్రిగారూ, ఈ కెమికల్!’

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ‘మీకేం బాబూ, చెప్తారు. గట్టి మాలు ఓ గంట లాగి చూడండి. నడుం ఎవరిదో తెలుస్తుంది.’

ఏం జవాబు చెప్పను? ఇన్నేళ్లూ అది వాళ్ల తెలియనితనం అనుకున్నాను. కాదు... అది నడుం నొప్పి. తనంతట తానే పరుచుకునే కాంక్రీటు కావాలని టోక్యో విశ్వవిద్యాలయంలో హజిమే ఒకమురా 1986లో ప్రతిపాదించడానికీ కారణం ఇలాంటిదే. మాలును సరిగా దట్టించే నైపుణ్యమున్న పనివాళ్లు తగ్గిపోయి, కట్టడాల మన్నిక దెబ్బతింటోందన్నదే ఆయన దిగులు. ఆ గొప్ప రసాయనాల అసలు పని బలం పెంచడమొక్కటే కాదు, మోసేవాళ్ల భారం తగ్గించడం కూడా. ఆ ముక్క క్యాను మీద ఉండదు. అందుకే మేస్త్రి దాకా చేరదు.

ఇంజినీరు మాలు బిగుసుకున్న ఆ మిల్లరులో లెక్కచూసి ఇంకాస్త రసాయనం కలిపాడు. ఎంతపడితే అంత పోయకూడదట. సిమెంటు బరువులో రెండు శాతం దాటొద్దని ప్రమాణం. ఎక్కువైతే నీళ్లు విడిపోతాయి, గట్టిపడటమూ ఆలస్యమవుతుంది. మాలు మళ్లీ జారింది. మేస్త్రి ఏమీ అనకుండా పనిలో పడ్డాడు.

మర్నాడు పొద్దున స్లాబు మీద మట్టితో మళ్లు కట్టారు. అప్పుడు చెప్పాను నాన్నకి. ‘ఆ రోజు నీళ్లు పోసింది నేనే నాన్నా. అడక్కుండా కూడా పోశాను.’

ఆయన కాసేపు మాట్లాడలేదు. ‘పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది నేను కదరా! తొందరగా అయిపోతోందని నేనూ సంబరపడ్డాను’ అన్నారు. తర్వాత బకెట్టు నా చేతికిచ్చి, మళ్ల వైపు చూపించారు.

‘పోయాల్సింది ఇప్పుడు. పధ్నాలుగు రోజులు... నీ ఇష్టమొచ్చినంత పొయ్యి.’