ఓరకంట చూసిన వెలుగు

పెళ్లినాడు పట్టపగలు పురోహితుడు అరుంధతిని చూపిస్తే, ఏమీ కనిపించకపోయినా "కనిపించింది" అన్నాను. మీలో చాలామందీ అలాగే అని ఉంటారు. ఆ అబద్ధం మొన్న మే నెలలో హార్సిలీ కొండలమీద గుర్తుకొచ్చింది.

మదనపల్లె దగ్గర 4 వేల అడుగుల ఎత్తు. అమావాస్య చీకటి. మా బావమరిది తన 8 అంగుళాల దుర్భిణిని దక్షిణానికి తిప్పాడు.

"దీని పేరు ఎం. 83, బావగారూ. 1752లో లకాయ్ అనే ఫ్రెంచివాడు ఆఫ్రికా దక్షిణ కొసనుంచి కనిపెట్టాడు. లండనులో దిగంతాన్ని అంటుకుని ఉంటుంది. మనకు సగం ఆకాశానికి వస్తుంది. నడుమ నక్షత్రాల కడ్డీ, దాని కొసలనుంచి చుట్టలు తిరిగిన చేతులు. కనిపించిందా?"

అద్దంమీద ఊదిన ఆవిరిలాంటి మరక తప్ప మరేమీ లేదు. ఈసారి అబద్ధమాడలేదు. "లేదోయ్!" అన్నాను.

"సూటిగా కాదు, ఓరకంట చూడండి."

అరగంట చీకట్లో కూర్చుని, మళ్లీ చూశాను. మరక నడుమ సన్నని గీత మెల్లగా తేలింది. ఆ వెలుగు బయలుదేరి సుమారు కోటిన్నర ఏళ్లయిందట! చేతులు మాత్రం కనిపించలేదు.

తరువాత మా ఆవిడ చూసింది.

"గీత కనిపించిందా?" అన్నాను.

"ఇది కనిపించింది. ఆనాడు అరుంధతే కనిపించలేదు" అంది, నవ్వుతూ.